గురుత్వ తరంగములు – వెలుగు బాట

సూర్యాపేటకు తూర్పున, కొంచెము దక్షిణముగా, సూటిదారిని సుమారు 40 కిలోమీటర్ల దూరమున కోదాడ యున్నది. దక్షిణమున 30 కిలోమీటర్ల దూరమున మిర్యాలగూడ యున్నది. సూర్యాపేట నుండి ఈ రెండూళ్లకు గీతలు గీచినచో దాదాపుగా తాపీవాని మూలమట్టము వంటి ఆకారము ఏర్పడును. కంటికి కానరాని గురుత్వ తరంగములను పట్టు సాధనము ఆకారమును ఇట్టిదే.

బరువైన గోళము చెంత వెలుగు వంగునని ఐన్‌స్టయిన్ చెప్పెను. సూర్యుని అంచు నొరసి వచ్చు నక్షత్రకాంతి 1.75 సెకండ్ల కోణము వంగవలెనని ఆయన లెక్క. 1919 మే 29 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమున తీసిన ఛాయాచిత్రములు దానిని బలపరచినవి. అట్టి సంపూర్ణ గ్రహణమే 1980 ఫిబ్రవరి 16న సూర్యాపేట మీదుగా సాగినది.

అది నిలుకడగల వంపు. తరంగము మాట వేరు. రెండు కృష్ణబిలములు ఒకదాని నొకటి చుట్టి కలిసిపోవునపుడు, రాయి పడిన చెరువువలె అంతరాళమే అలలుగా కదలును. ఆ అల పోవునపుడు ఒక దిక్కు సాగును, దాని అడ్డుదిక్కు కుదియును. వెంటనే అది తారుమారగును. ఇచ్చట వెలుగు పక్కకు వంగుట కన్న దాని దారి నిడివి మారుటయే ముఖ్యము.

కోదాడలోను మిర్యాలగూడలోను అద్దములు నిలిపి, సూర్యాపేట నుండి కిరణములు పంపితి మనుకొందము. అల రానంతవరకు అవి తిరిగివచ్చు వ్యవధి మారదు. అల వచ్చినచో, కాంతి వేగము మారదు గనుక, దారి సాగిన కిరణము ఆలస్యముగా చేరును.

మార్పు ఎంత? 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో కేంద్రములు పట్టిన తొలి తరంగము కోదాడ దారిని మార్చగలిగినది ప్రోటాను వెడల్పులో సుమారు 40వ వంతు మాత్రమే! హైదరాబాదు–విజయవాడ రహదారిపై పోవు లారీ అదురు ఇంతకు అనేక కోట్ల రెట్లు. అందుచేత ఒక్క కేంద్రము సాక్ష్యము చాలదు. 3000 కిలోమీటర్ల ఎడమున నున్న రెండు కేంద్రములలో, సెకండులో నూరవ వంతు లోపల, ఒకే పోలిక గల సంకేతము కనబడినందుననే శాస్త్రజ్ఞులు నమ్మిరి.

అయినను తరంగము ఏ దిక్కునుండి వచ్చెనో నిర్ణయించుటకు మరికొన్ని దూరపు సాక్షులు కావలెను. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో–ఇండియా నిర్మాణమునకు కేంద్ర ప్రభుత్వము 2023లో ఆమోదము తెలిపినది. అది పనిచేసిన నాడు, దూరదర్శినులను ఆకాశమున ఏ మూలకు త్రిప్పవలెనో చెప్పుటలో మన నేలకును పాలుండును.