నాయనమ్మ బైబిలును ఎక్కడ దాచాలి?

మా ఇంట్లో తరం నుంచి తరానికి అందిన వస్తువు ఒక్కటే ఉంది. అట్ట ఊడిపోయిన తెలుగు బైబిలు. నాయనమ్మ దాన్ని పాత చీర ముక్కలో చుట్టి రేకు పెట్టె అడుగున ఉంచేది. ముందున్న ఖాళీ పేజీలో తాత చేతిరాతతో పిల్లలు పుట్టిన తేదీలు, వారికి పెట్టిన పేర్లు ఉన్నాయి. పసితనంలోనే పోయిన ఇద్దరి పేర్ల పక్కన చిన్న సిలువ గుర్తులున్నాయి. మా వంశం గురించి కాగితం మీద మిగిలిన చరిత్ర అంతే.

నా కుల ధ్రువీకరణ పత్రం కోసం దరఖాస్తు పెట్టిన ఏడాది, విచారణకు అధికారి వస్తున్నాడని కబురు తెలిసిన ఉదయం, నాన్న గోడ మీది యేసు పటం దించాడు. బైబిలు పక్క వీధిలోని మేనత్త ఇంటికి చేరింది. నాయనమ్మ అడ్డు చెప్పలేదు. "మీ తాత పేరు కూడా దాచాలా నాయనా?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నకు మా ఇంట్లో ఎవరూ సమాధానం చెప్పలేదు. చెప్పవలసింది మేము కాదని ఇప్పుడు అనిపిస్తున్నది.

తాతముత్తాతల వస్తువుల గురించి పత్రికల్లో తరచూ ముచ్చటైన వ్యాసాలు వస్తుంటాయి. అమ్మమ్మ కాసులపేరు, ముత్తాత పడక కుర్చీ, తాళపత్రాలు, ఇత్తడి గంగాళాలు వాటిలో కనిపిస్తాయి. ఆ జ్ఞాపకాలను తప్పుపట్టనక్కరలేదు. కాని ఒక వస్తువు మూడు తరాలు నిలవాలంటే దాన్ని కొనగల ఆస్తి, దాచగల ఇల్లు, అది తమదేనని చెప్పుకోగల హక్కు ఉండాలి. ఈ మూడింటినీ కులం కొందరికే ఇచ్చింది. మనుస్మృతి పదో అధ్యాయం చండాలులకు పగిలిన పాత్రలనూ, ఇనుప నగలనూ, శవాల మీది బట్టలనూ నిర్దేశించింది. ఎనిమిదో అధ్యాయం శూద్రుని సొత్తును బ్రాహ్మణుడు సంకోచం లేకుండా తీసుకోవచ్చునన్నది. డాక్టర్ అంబేద్కర్ నాయకత్వంలో 1927 డిసెంబరు 25న మహద్‌లో ఆ గ్రంథాన్ని దహనం చేసినప్పుడు తగలబడింది కేవలం శ్లోకాలు కావు. కొన్ని ఇళ్ళకు వారసత్వమే ఉండరాదన్న శాసనం. ఆ ఇళ్ళలో తండ్రి నుంచి కొడుక్కు దక్కినవి తోలు కుట్టే ఆరె, డప్పు, వెట్టి.

ఈ నేపథ్యంలో కోస్తా జిల్లాల దళిత కుటుంబాలకు బైబిలు ఎలా చేరిందో గుర్తు చేసుకోవాలి. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని కల్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఈ ఉద్యమాన్ని దొర ఒక్కడే నడిపించలేదు. అంతకు పుష్కరకాలం ముందే క్రైస్తవాన్ని స్వీకరించిన యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ బోధకులు పల్లెపల్లెకూ తిరిగి దానికి నేల సిద్ధం చేశారు.

ఆ సామూహిక మార్పిడి గురించి చరిత్రకారులు అనేక కోణాల్లో రాశారు. మా వంటి కుటుంబాలకు అందులో ఒక చిన్న సంగతి పెద్దదిగా కనిపిస్తుంది. సంఘం రిజిస్టరులో ఒక మనిషి పేరు, అతని తండ్రి పేరు, ఊరి పేరు నమోదయ్యాయి. ఊళ్ళో "ఒరే" అన్న పిలుపు తప్ప మరొకటి ఎరుగని మనిషికి కాగితం మీద ఒక చోటు దొరికింది. తర్వాత బడి వచ్చింది. చదువు నేర్చిన కొడుకు బైబిలు ఖాళీ పేజీలో తన పిల్లల పేర్లు తానే రాసుకున్నాడు. జి.కళ్యాణరావు నవల 'అంటరాని వసంతం' ఈ స్మృతినే ఆధారం చేసుకుంది. కరువులో కాలువ పనికి వలస వెళ్ళిన కుటుంబం కథను రూతు అనే వృద్ధురాలి జ్ఞాపకంగా చెప్పింది.

స్వతంత్ర భారతం ఆ పేజీని నేరానికి సాక్ష్యంగా మార్చింది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు మూడో పేరా, హిందూ మతం కాని మతాన్ని అవలంబించేవారు షెడ్యూల్డు కులానికి చెందరన్నది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు ఇచ్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారిని బీసీ-సీలో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. మాలపల్లె పక్కపక్క ఇళ్ళలో పుట్టిన ఇద్దరు పిల్లల్లో ఒకరు పదిహేను శాతం కోటాలో, మరొకరు ఒక శాతం కోటాలో నిలబడతారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ రెండోవారికి వర్తించదు.

దీని ఫలితం ప్రతి పల్లెకూ తెలుసు. బడి రిజిస్టరులో ఒక పేరు, గుడిలో మరో పేరు. రికార్డులో 'హిందూ మాదిగ', ఆదివారం ప్రార్థన. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు, శైశవంలో ఆమె పొందిన బాప్తిస్మాన్నీ, ఆమె చర్చికి వెళ్ళడాన్నీ పరిగణనలోకి తీసుకుని ఎస్సీ ధ్రువపత్రం నిరాకరించింది. ఉన్న చట్టం ప్రకారం తీర్పు అది. ప్రశ్నించవలసింది ఆ చట్టాన్ని. ఇతర కుటుంబాల్లో పూర్వీకుల కాగితం ఆస్తికి ఆధారం. ఇక్కడ అదే కాగితం హక్కు పోవడానికి ఆధారం.

క్రైస్తవంలో కులం లేదు కదా, అక్కడికి వెళ్ళాక కులం పేరిట రక్షణ ఎందుకని అడుగుతారు. ఈ వాదనను తేలికగా కొట్టిపారేయకూడదు. రెండు వైపులా ఉండాలనుకోవడం అవకాశవాదమన్న విమర్శ నిజాయితీగా అడిగేవారి నుంచీ వస్తుంది. కాని మతం గ్రంథంలో కులం లేకపోవడం వేరు, ఊళ్ళో లేకపోవడం వేరు. మాలల చర్చి, మాదిగల చర్చి వేర్వేరుగా ఉన్న ఊళ్ళు ఎన్నో. సమాధుల దొడ్లలోనూ గీతలున్నాయి. సిక్కు, బౌద్ధ మతాలు కూడా కులాన్ని అంగీకరించవు. అయినా అక్కడి దళితుల వెనుకబాటును చట్టం గుర్తించింది. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో గొడ్డళ్ళు పట్టినవారు మతం అడిగి నరకలేదు. చుండూరు మృతులను ఊరి నడుమ పాతిపెట్టిన చోటును ప్రజలు రక్తక్షేత్రం అని పిలుచుకుంటున్నారు. అది కూడా ఒక వారసత్వమే.

జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే షెడ్యూల్డు కుల హోదాను మతంతో ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. సుప్రీంకోర్టులో 2004 నుంచి ఈ వివాదం నడుస్తున్నది. 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్‌ను నియమించారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. కమిషన్ మీద కమిషన్ వేసి కాలం వెళ్ళబుచ్చడం తప్ప కేంద్రంలో ఏ ప్రభుత్వమూ తేల్చలేదు. మతం మారినా వివక్ష మారలేదని ఒప్పుకుంటే, చేయవలసింది మూడో పేరాను తొలగించడమే. ఉన్న పదిహేను శాతంలోనే మరికొందరు చేరితే ఇప్పటివారి వాటా తగ్గుతుందన్న భయం న్యాయమైనది. జనాభాకు తగినట్టు కోటాను పెంచడం దానికి పరిష్కారం. పక్కింటివారిని బయట ఉంచడం కాదు.

విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న దళిత విద్యార్థులు ఈలోగా ఒక పని చేయవచ్చు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు రేకు పెట్టెలు తెరవండి. బైబిలు ముందు పేజీలు, సంఘం రిజిస్టర్లు, పాత ఫొటోల వెనుక రాతలు ఫోనులో భద్రపరచండి. వాటిలో ఉన్న రెండు పేర్లూ ఎందుకు వచ్చాయో పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. ప్రభుత్వ పురాలేఖన భాండాగారాల్లో మన ఇళ్ళ చరిత్ర దొరకదు.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. బైబిలు మేనత్త ఇంటి నుంచి తిరిగి వచ్చింది. తాత రాసిన పేజీలో ఆమె పేరు పక్కన తేదీ వేసి సిలువ గుర్తు పెట్టింది నాన్నే. ఈ ఏడాది మా అమ్మాయి కుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెట్టాలి. ఆ పుస్తకాన్ని ఎక్కడ ఉంచాలో మా ఇంట్లో ఇంకా తేలలేదు.