దూలంలో పురుడు పోసుకునే తుమ్మెద

మెదక్ పట్టణంలోని పాత పెంకుటిళ్లలో వాసం కిందో, పందిరి గుంజ మొదట్లోనో ఒక్కోసారి లేత పసుపు రంపపు పొట్టు రాలి కనిపిస్తుంది. తలెత్తి చూస్తే చిటికెన వేలు పట్టేంత రంధ్రం, బరమా పెట్టి తొలిచినంత గుండ్రంగా ఉంటుంది. చెదలనుకుని చాలామంది వెంటనే కిరోసిన్ పోస్తారు. నిజానికి అది ఓ తల్లి తుమ్మెద కట్టుకుంటున్న పురిటి గది.

శాస్త్రజ్ఞులు జైలోకోపా అని పిలిచే ఈ తుమ్మెదల ప్రజాతికి దూరపు చుట్టం బంబుల్ బీ. మన దేశంలో దాని నివాసం హిమాలయాల చల్లని వాలులు. దక్కన్ ఎండలు దానికి పడవు. చలికాలం దాటగానే బంబుల్ బీ రాణి ఒంటరిగా బయటికొచ్చి, ఎలుకలు వదిలేసిన బొరియలాంటి చోటు చూసుకుంటుంది. పుప్పొడి ముద్ద మీద గుడ్లు పెట్టి, పక్కనే మైనపు తొట్టిలో తేనె దాచుకుంటుంది. ఎగిరే కండరాలను వణికించి వేడి పుట్టిస్తూ, కడుపు ఆనించి పిల్లలను పొదుగుతుంది. తొలి కాన్పు కూతుళ్లు రెక్కలొచ్చి మేతకు బయలుదేరితే రాణికి కష్టం తీరినట్టే. ఇక గుడ్లు పెట్టడమే దాని పని.

మన తుమ్మెదకు ఆ సుఖం లేదు. గూడు తొలవడం, మేత తేవడం, కాపలా కాయడం చాలావరకు ఒక్క తల్లి పనే. అది కర్రను తినదు, దవడలతో గీకి పొట్టును బయటికి తోసేస్తుంది. కాస్త లోపలికి వెళ్లాక మలుపు తిరిగి, కర్ర నార వెంబడే సొరంగం సాగిస్తుంది. చివరి అరలో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద పెట్టి, దానిమీద ఒకే ఒక గుడ్డు పెడుతుంది. రంపపు పొట్టును లాలాజలంతో తడిపి అడ్డుగోడ కడుతుంది. ఆ తరువాత రెండో అర, మూడో అర...

తేనెటీగల రాణి పూతకాలంలో రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. తుమ్మెద ఒక గూట్లో పెట్టేవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అయితే కొన్ని జాతుల్లో గుడ్డు ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా ఉంటుంది. కీటకాల గుడ్లలో అతి పెద్దవాటిలో ఇదొకటి. గుడ్డు లార్వాగా, ప్యూపాగా మారి రెక్కల తుమ్మెద కావడానికి దాదాపు నెలన్నర పడుతుంది. అప్పటికీ పిల్లలు వెంటనే ఎగిరిపోవు. కొన్నాళ్లు గూట్లోనే ఉంటే, తల్లి తెచ్చిన మకరందాన్ని నోటికి అందిస్తుంది. అంటే ఒక్క గూడు పోతే ఒక తల్లి సంతానంలో పెద్ద వంతు పోయినట్టే.

ఆ నష్టం తుమ్మెదతో ఆగదు. వంగ పువ్వులో పుప్పొడి తిత్తుల కొసన చిన్న రంధ్రాలే ఉంటాయి. తుమ్మెద పువ్వును కరిచి పట్టుకుని ఒళ్లు అదిరిస్తే పొడి జలజలా రాలుతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. బిగుసుకున్న కంది పువ్వును విప్పడానికీ, జిల్లేడు పుప్పొడి ముద్దలను మోయడానికీ తుమ్మెద బలం అక్కరకొస్తుంది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎ.జె. సాల్మన్ రాజు, ఎస్. పూర్ణచంద్రరావు రెండు జాతుల తుమ్మెదల గూళ్లను, మేత పూలను పరిశీలించి 2006లో 'కరెంట్ సైన్స్' పత్రికలో వివరించారు.

దాన్ని చూసి భయపడే పనీ లేదు. మగ తుమ్మెదకు ముల్లే ఉండదు, ఆడది చేత్తో నలిపితే తప్ప సాధారణంగా కుట్టదు. ఇంటి దూలం పాడవుతుందనుకుంటే పిల్లలు ఎగిరిపోయాక రంధ్రం పూడ్చి రంగు వేయండి. రంగు వేసిన కర్ర జోలికి అది పెద్దగా రాదు. పెరట్లోనో, పొలం గట్టునో ఒక ఎండు కొమ్మనూ వెదురు బొంగునూ మాత్రం దానికి వదిలేయండి. కిరోసిన్ సీసా పక్కన పెట్టండి.