సమాసార్థవివాదము – ఐర్లండు రాజ్యనిర్మాణము

విగ్రహవాక్యభేదముచే నర్థభేదము గలుగుట వైయాకరణులకు గ్రొత్తగాదు. అట్టి భేదమునకై ఫిరంగులు మ్రోగుటయే వింత. 1922 లో ఐర్లండునం దట్లు జరిగెను.

ఆ దేశభాషలో 'సీర్' అనగా స్వతంత్రము, 'స్టాట్' అనగా రాజ్యము. రెండును గూడి 'సీర్‌స్టాట్' అను విశేషణపూర్వపదకర్మధారయ మైనది. 1916 నాటి ప్రకటనలో గణరాజ్యమునకు 'పొబ్లఖ్ట్' అని వాడిరి. 1919 లో జాతీయసభయగు 'డాయిల్' స్వాతంత్ర్యమును జాటినపు డాయర్థముననే 'సీర్‌స్టాట్' అనెను. 1921 డిసెంబరు 6 వ తేదీ సంధిపత్రమున (సంధి యన నిచట రాజకీయసంధియే) ఆ సమాసమే మాటకుమాటగా నాంగ్లమున స్వతంత్రరాజ్యమయ్యెను. గణరాజ్యము మాత్రము లేకపోయెను. రాజునెడ విశ్వాసముతో నుందుమను ప్రమాణమును జేరెను. శబ్దము నిలిచెను, అర్థము జాఱెను.

1922 జనవరి 7 న సభ 64 మంది యనుకూలురు, 57 మంది ప్రతికూలురుగా సంధి నంగీకరించెను. కాలిన్సు, గ్రిఫిత్తులు దానిని సమర్థించిరి, డివలేరా యెదిరించెను. ప్రమాణమే కలహమూలమని సామాన్యముగా జెప్పుదురు. అంతమాత్రము చాలదని నా తలంపు. మార్చినాటికే సైన్యమున నొక భాగము సభయధికారమునే త్రోసిపుచ్చెను. ఆజ్ఞ యెవరిదను ప్రశ్నయే ప్రధానము.

జూను 28 న ప్రభుత్వసేన, ఆంగ్లేయులయొద్ద దెచ్చిన ఫిరంగులతో, డబ్లిను న్యాయస్థానభవనములం దున్న ప్రతిపక్షసైనికులపై గాల్పులు సాగించెను. రెండుదినములకు బ్రేలుడు సంభవించి, ప్రక్కనున్న దస్త్రశాలలోని శతాబ్దముల పత్రములు భస్మమయ్యెను. తాళపత్రమొక్కటి చెదతినిన నిద్రపట్టని మనబోంట్లకు దీని దుఃఖము వేఱుగ జెప్పనేల?

అంతకుముం దాంగ్లన్యాయస్థానములకు బ్రతిగా జాతీయవాదులే ప్రజాన్యాయస్థానములను నెలకొల్పియుండిరి. ఒక బందీని నిర్బంధించుటకు గారణమేమని యందలి న్యాయాధిపతి యడుగగా, జులైలో ప్రభుత్వ మా వ్యవస్థనే రద్దుపఱచెను. డెబ్బదిమందికి బైగా బందీలకు మరణశిక్షయు విధించెను. ఆ ప్రభుత్వమే యుద్ధమధ్యమున నాయుధములేని రక్షకభటులను గ్రామములకు బంపెను! క్రౌర్యమును నిర్మాణమును నొక్కచేతివే.

1923 మేలో పోరాగెను. 1926 లో డివలేరా క్రొత్తపక్షము స్థాపించి, మఱుసటియేట బ్రమాణపుస్తకమున సంతకముచేసి, అది యర్థశూన్యమైన లాంఛనమనెను. 1932 ఎన్నికల తరువాత గాస్‌గ్రేవు, నిన్నటి శత్రువునకు శాంతముగా నధికార మప్పగించెను. 1933 లో బ్రమాణము పోయెను. 1937 రాజ్యాంగముతో 'సీర్‌స్టాట్' అను పేరును బోయెను. 1949 ఏప్రిల్ 18 న గణరాజ్యమును నిలిపినది మాత్రము డివలేరా కాదు, సంధిపక్షసంతతివారు నాయకత్వము వహించిన ప్రభుత్వము. దానికి వారిడిన దేశభాషాశబ్దము 'పొబ్లఖ్ట్'.