అమ్మిన సరుకు వాపసు: అంగడి మర్యాద వెనుక శాస్త్రం

విజయవాడలో గాని, వరంగల్లులో గాని ఒక రేడియో దుకాణంలో అడుగుపెట్టిన వారికి ఒకప్పుడు గల్లాపెట్టె వెనుక గోడమీద రెండు పలకలు తరచుగా కనిపించేవి. ఒకదానిమీద "అప్పు రేపు" అని, రెండవదానిమీద "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అని వ్రాసి ఉండేది. అందుచేత కొనేవారు కూడా జాగ్రత్తపడేవారు. బల్బును హోల్డరులో పెట్టించి వెలిగించి చూసేవారు. ట్రాన్సిస్టరులో బ్యాటరీలు వేయించి, ముల్లు ఈ చివరినుండి ఆ చివరివరకు తిప్పి, స్టేషన్లు పలుకుతున్నవో లేదో వినేవారు. పరీక్ష అంతా డబ్బు చెల్లించకముందే ముగియాలి. చెల్లించిన తరువాత వస్తువు మంచిచెడ్డలు కొన్నవారి అదృష్టానికి చెందినవి.

అటువంటి అంగళ్లకు అలవాటుపడి, పిల్లలను చూడటానికి అమెరికా వచ్చిన పెద్దలకు ఇక్కడి ఎలక్ట్రానిక్స్ దుకాణం వింతగా తోచడం సహజం. వారం క్రితం కొన్న కెమెరాను కోడలు పెట్టెతో సహా తెచ్చి కౌంటరు మీద పెడుతుంది. గుమాస్తా రశీదు చూసి, డబ్బు వెనక్కి ఇచ్చి, నవ్వుతూ సాగనంపుతాడు. "ఏం లోపముందమ్మా దానిలో?" అని మామగారు అడుగుతారు. "లోపమేమీ లేదు మామయ్యగారూ, చేతికి బరువుగా ఉంది, అంతే" అని సమాధానం వస్తుంది. "మరి వాళ్ళకు నష్టం కాదూ?" అని ఆయన రెండవ ప్రశ్న. ఆ రెండవ ప్రశ్న సామాన్యమైనది కాదు. దాని సమాధానంలో అర్థశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, న్యాయశాస్త్రం, కొంత విద్యుచ్ఛాస్త్రం కూడా కలిసి ఉన్నాయి.

కంటికి కనపడని సరుకు

ఈ ఆచారం ఔదార్యం వల్ల పుట్టలేదు. అవసరం వల్ల పుట్టింది. 1872లో షికాగో నగరంలో ఆరన్ మాంట్‌గమరీ వార్డ్ అనే వర్తకుడు తపాలా ద్వారా సరుకులు అమ్మే వ్యాపారం ప్రారంభించాడు. పల్లెలలోని రైతులు ఆ సరుకును ముందుగా చూడలేరు, తాకలేరు. అమ్మేవాడి ముఖమైనా ఎరుగరు. వారిని నమ్మించేదెలా? 1875లో ఆయన ఒక హామీ ప్రకటించాడు. తృప్తి కలగకపోతే డబ్బు వాపసు ఇస్తానన్నాడు. గడప దగ్గర జరగవలసిన బేరం వందల మైళ్ళ దూరంలో జరుగుతున్నప్పుడు, పరీక్షించుకొనే అవకాశాన్ని కొన్న తరువాతకు వాయిదా వేయడమే ఈ హామీలోని కిటుకు. ట్రాన్సిస్టరు తిప్పి చూసిన విజయవాడ పెద్దమనిషి దుకాణంలో చేసిన పనినే షికాగో సమీపపు రైతు తన ఇంటిలో చేశాడు.

ఎలక్ట్రానిక్స్ పరికరాల విషయంలో ఈ కిటుకు మరింత అవసరం. చీర నేతను వేళ్ళతో తడిమి తెలుసుకోవచ్చు, బియ్యాన్ని గుప్పిట పట్టి చూడవచ్చు. కాని మూసిన పెట్టెలోని కంప్యూటరు మూడు నెలల తరువాత ఎలా పనిచేస్తుందో చూపుతో చెప్పగలవారు లేరు.

హామీ ఒక సంకేతం

జార్జ్ అకెర్లాఫ్ అనే అర్థశాస్త్రజ్ఞుడు 1970లో ప్రచురించిన వ్యాసం ఈ చిక్కును తేటతెల్లం చేసింది. ఆయన పాత కార్ల విపణిని ఉదాహరణగా తీసుకున్నాడు. కారు మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు గనుక కొనేవాడు మంచి కారుకు కూడా మధ్యరకం ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి కారు గలవాడు అమ్మడు. చెడ్డ కారు గలవాడు సంతోషంగా అమ్ముతాడు. క్రమంగా చెడ్డ సరుకే మిగిలి విపణి కుంటుపడుతుంది. అటువంటి చోట వారంటీ వంటి హామీలు ఈ చిక్కును కొంత విడదీయగలవని కూడా ఆయన సూచించాడు. ఈ కోవకు చెందిన పరిశోధనకే 2001లో అకెర్లాఫ్, మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్ ముగ్గురికీ అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

నాసిరకం సరుకు అమ్మేవాడు వాపసు హామీ ఇస్తే దుకాణం నిండా తిరిగివచ్చిన పెట్టెలే మిగులుతాయి. నాణ్యమైన సరుకు అమ్మేవాడికి ఆ భయం తక్కువ. కనుక హామీ ఇవ్వగలగడమే నాణ్యతకు గుర్తు అవుతుంది. మాటలు ఎవరైనా చెప్పగలరు. మాట తప్పితే నష్టపడే విధంగా ఒప్పందం వ్రాసుకొనేవాడి మాటకే విలువ.

చేతికి వచ్చినది చేజారదు

మామగారి ప్రశ్నకు మనస్తత్వశాస్త్రం ఇచ్చే సమాధానం ఇంకా ఆసక్తికరం. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాలలో ఒకటి కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగింది. తరగతిలో సగంమంది విద్యార్థులకు ఒక్కొక్క కాఫీ కప్పు ఇచ్చారు. విశ్వవిద్యాలయ దుకాణంలో దాని ధర 6 డాలర్లు. కప్పు అందినవారిని ఎంతకు అమ్ముతారని, అందనివారిని ఎంతకు కొంటారని అడిగారు. అమ్మేవారు అడిగిన మధ్యస్థ ధర సుమారు 5 డాలర్ల 25 సెంట్లు. కొనేవారు ఇస్తామన్నది రెండున్నర డాలర్ల దరిదాపు. కప్పు అదే, మనుషులూ ఒకేరకం వారే. కొద్ది నిమిషాలు తనది అనుకున్నందుకే దాని విలువ రెట్టింపయింది.

టెలివిజన్ ఇంటికి వచ్చి, గోడకు ఎక్కి, పిల్లలు దానిముందు కూర్చొన్న తరువాత కూడా ఇదే జరుగుతుంది. 2016లో అమెరికాలోని పరిశోధకులు ఈ విషయమై అంతకుముందు వెలువడిన అధ్యయనాలన్నిటినీ క్రోడీకరించి చూశారు. ఉదారమైన వాపసు నియమాలవల్ల వాపసులు పెరుగుతాయి గాని, అమ్మకాలు అంతకంటే ఎక్కువగా పెరుగుతాయని తేలింది. మరొక విశేషం కూడా బయటపడింది. గడువు ఎంత పొడిగిస్తే వాపసులు అంత తగ్గుతాయట. గడువు రెండు వారాలే అయితే కొన్నవారు తేదీ గుర్తుపెట్టుకొని తొందరపడతారు. మూడు నెలలైతే తొందర లేదు. ఈలోగా వస్తువు ఇంటిమనిషి అయిపోతుంది.

చెడిపోకుండానే తిరిగివచ్చేవి

వాపసు వచ్చిన పరికరాలన్నీ చెడిపోయినవేనా? నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎల్కె డెన్ ఔడెన్ 2006లో సమర్పించిన సిద్ధాంతవ్యాసం దీనికి సమాధానం ఇచ్చింది. పనిచేయడం లేదని తిరిగి ఇచ్చిన వస్తువులలో సుమారు సగం నిజానికి చక్కగా పనిచేస్తున్నాయి. వాటిని ఎలా వాడాలో కొన్నవారికి తెలియలేదు, లేదా వారు ఆశించినది ఒకటైతే దొరికినది మరొకటి. అమెరికాలో సగటు వినియోగదారుడు కొత్త పరికరంతో సుమారు 20 నిమిషాలు కుస్తీపట్టి విరమించుకుంటాడని కూడా ఆమె గమనించింది.

కనుక వినియోగదారుడి అసంతృప్తి అంతా యంత్రంలో లేదు. తయారుచేసిన ఇంజనీరుకు సులభమనిపించిన మీట వాడేవారికి అర్థం కాకపోవచ్చు. లోపం రెండు చోట్ల ఉంటుంది. సూచనల పుస్తకం తెరవని వినియోగదారుడిది ఒకటి. తెరిచినా బోధపడకుండా వ్రాసిన సంస్థది మరొకటి.

తిరిగివచ్చిన పెట్టె ఎక్కడికి పోతుంది?

ఇక నష్టం సంగతి. వాపసు వచ్చిన పెట్టెను నేరుగా అరలో పెట్టి కొత్తదిగా అమ్మడానికి సాధారణంగా వీలుండదు. విడిభాగాలు సరిచూడాలి, పరీక్షించాలి, ఫోను లేదా కంప్యూటరు అయితే పాత యజమాని సమాచారాన్ని చెరిపివేయాలి. బాగున్నది "ఓపెన్ బాక్స్" పేరుతో తగ్గింపు ధరకు పోతుంది. కొన్ని తయారీదారు వద్దకు వెళ్ళి "రిఫర్బిష్డ్" సరుకుగా వస్తాయి. మరికొన్ని గుత్తగా వేలంలో పోతాయి. బాగుచేసే ఖర్చు విలువను మించినవి చివరకు విద్యుత్ వ్యర్థాలలో చేరతాయి.

ఒక లెక్క వేసుకుందాం. 500 డాలర్ల కెమెరా మీద దుకాణానికి 50 డాలర్లు మిగులుతుందనుకుందాం. అది తిరిగివచ్చి 425కే అమ్ముడైతే ఆ 50 డాలర్ల లాభం పోగా 25 డాలర్లు నష్టం. పరీక్షకు, రవాణాకు మరొక 25 ఖర్చయితే మొత్తం నష్టం 50. అంటే మరొక కెమెరా మీద వచ్చిన లాభం దీనికే సరిపోతుంది. 2024లో అమెరికా చిల్లర వర్తకుల జాతీయ సమాఖ్య వేసిన అంచనా ప్రకారం అన్ని రకాల సరుకులూ కలిపి ఆ ఏటి వాపసుల విలువ సుమారు 89,000 కోట్ల డాలర్లు. అంటే అమ్మకాలలో సుమారు 17 శాతం. ఈ ఖర్చును వర్తకుడు ఒక్కడే మోయడు. వాపసు ఇవ్వనివారు కూడా ధరలో భాగంగా దానిని చెల్లిస్తూనే ఉన్నారు.

పెళ్ళి కెమెరాలు

కొందరు ఈ మర్యాదను అద్దె లేని అద్దె దుకాణంగా భావిస్తారు. శుక్రవారం కొన్న కెమెరాతో శనివారం పెళ్ళి, ఆదివారం విందు చిత్రీకరించి, సోమవారం "నచ్చలేదు" అని తిరిగి ఇచ్చేవారు ఉన్నారు. ఫుట్‌బాల్ పెద్ద పోటీకి ముందు కొన్న భారీ టెలివిజన్ పోటీ మరునాడు దుకాణానికి చేరడం కూడా అమెరికాలో తెలిసిన సంగతే. ఈ విషయంలో ఏ జాతివారికీ మినహాయింపు లేదు.

దీని ఫలితం నిజాయితీపరుల మీద పడింది. చాలాకాలం గడువు లేకుండానే టెలివిజన్లు వాపసు తీసుకొన్న కాస్ట్‌కో సంస్థ 2007లో టెలివిజన్లు, కంప్యూటర్లు, కెమెరాలవంటి వాటికి 90 రోజుల గడువు విధించింది. దుస్తులు అమ్మే ఎల్.ఎల్.బీన్ సంస్థ తన జీవితకాలపు హామీని 2018లో ఒక సంవత్సరానికి కుదించింది. కొన్ని దుకాణాలు పెట్టె తెరిచిన వస్తువులపై రీస్టాకింగ్ ఫీజు వసూలు చేస్తున్నాయి. మరికొన్ని డ్రైవింగ్ లైసెన్సు చూసి ఎవరు ఎన్నిసార్లు వాపసు ఇచ్చారో నమోదుచేసి, మితిమీరినవారిని నిరాకరిస్తున్నాయి.

చట్టం ఏమంటుంది?

లోపం లేని వస్తువును వాపసు తీసుకోవాలని అమెరికా సమాఖ్య చట్టమేదీ దుకాణాన్ని నిర్బంధించదు. అది హక్కు కాదు, వర్తకుడి వాగ్దానం. ఇంటికి వచ్చి అమ్మిన కొన్ని వస్తువుల విషయంలో మాత్రం మూడు పనిదినాలలో రద్దుచేసుకొనే సమాఖ్య నియమం ఉంది. కాలిఫోర్నియావంటి రాష్ట్రాలలో కనీసం ఏడు రోజులు వాపసు తీసుకోని దుకాణం ఆ సంగతి స్పష్టంగా ప్రకటించాలి. లోపమున్న వస్తువు సంగతి వేరు. వ్రాతపూర్వకమైన వారంటీలను 1975 నాటి మాగ్నుసన్–మాస్ చట్టం నియంత్రిస్తుంది.

బ్రిటన్‌లో 2015 నాటి చట్టం ప్రకారం లోపమున్న వస్తువును సాధారణంగా 30 రోజులలో తిరస్కరించి పూర్తి డబ్బు పొందవచ్చు. ఇంటర్నెట్ ద్వారా కొన్న చాలా వస్తువులను లోపం లేకపోయినా 14 రోజులలో రద్దుచేసుకోవచ్చు. భారతదేశంలో గోడమీది పాత పలకకు చట్టబలం లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును రశీదులో పేర్కొన్న గడువులో, గడువు లేనప్పుడు 30 రోజులలో, వెనక్కి తీసుకొని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి.

స్వదేశం తీసుకొనిపోయే పరికరాలు

ప్రవాసాంధ్ర కుటుంబాలకు ఈ గడువుల వల్ల ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. తల్లిదండ్రులకోసం కొన్న పరికరం పెట్టెలోనే సముద్రం దాటుతుంది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో మొదటిసారి తెరిచేసరికి వాపసు గడువు సగం పోయి ఉంటుంది. లోపం బయటపడినా ఇచ్చివేయడానికి దుకాణం దగ్గర లేదు. పైగా అనేక వారంటీలు కొన్న దేశానికే పరిమితం.

విద్యుత్తు తేడా మరొకటి. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, సెకనుకు 60 ఆవృత్తాలు. భారతదేశంలో 230 వోల్టులు, 50 ఆవృత్తాలు. వేడిపుట్టించే తీగ నిరోధం ఇంచుమించు మారదు గనుక దానిలో ఖర్చయ్యే శక్తి వోల్టేజి వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 120 వోల్టుల వద్ద 1000 వాట్లు తీసుకొనే అన్నం కుక్కరు 230 వోల్టుల వద్ద సుమారు 3,670 వాట్లు లాగబోయి, అన్నం ఉడికేలోపే తాను కాలిపోతుంది. ఫోన్ల, కంప్యూటర్ల అడాప్టర్లు చాలావరకు 100 నుండి 240 వోల్టుల వరకు తట్టుకుంటాయి. ఆ అంకెలు అడాప్టరు మీదనే అచ్చువేసి ఉంటాయి. ఇటువంటి పొరపాటుతో కాలిన పరికరాన్ని వారంటీ సాధారణంగా కాపాడదు.

కనుక ప్రయాణానికి ముందు పెట్టె తెరిచి ఒక్కరోజైనా వాడి చూడాలి. అంకెలు చదవాలి. రశీదు, పెట్టె భద్రపరచాలి. వాపసు చివరి తేదీని విమానం టిక్కెట్టు తేదీతో సరిచూసుకోవాలి. పండుగల ముందు కొన్నవాటికి చాలా దుకాణాలు జనవరి వరకు గడువు పొడిగిస్తాయి. అది ఎప్పటివరకో ముందే అడగాలి. అడాప్టరును ఎలా తగిలించాలో, ఏ మీట దేనికో ఒక కాగితంమీద తెలుగులో వ్రాసి పెట్టెలో ఉంచితే ఆ 20 నిమిషాల కుస్తీ అమ్మానాన్నలకు తప్పుతుంది.

"వాళ్ళకు నష్టం కాదూ?" అన్న మామగారి ప్రశ్నకు సమాధానం ఇప్పుడు చెప్పవచ్చు. చేతికి బరువైన కెమెరాను నిజాయితీగా తిరిగి ఇస్తే దుకాణానికి కొంత నష్టమే. ఆ నష్టాన్ని ముందే లెక్కించి, అంతకుమించిన అమ్మకాన్ని, నమ్మకాన్ని ఆశించి వాగ్దానం చేశారు. పెళ్ళి అయ్యాక తిరిగి ఇచ్చే కెమెరా ఆ లెక్కలో లేదు. అది గల్లాపెట్టె వెనుక మళ్ళీ ఆ పాత పలకనే వ్రేలాడదీయిస్తుంది.