కారే కుళాయి - మనం చేయగల పని, చేయకూడని పని

ట్యాంకు ఖాళీ అయిన రోజు హాస్టల్‌లో పొద్దున్న ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. బకెట్లతో క్యూ, స్నానం లేకుండా బడికి పరుగు. అప్పుడు మనం కరెంటును తిడతాం, మోటారును తిడతాం. రాత్రంతా కారిన కుళాయి మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

ఒక చిన్న లెక్క చేసి చూడండి. కారే కుళాయి కింద లీటరు మగ్గు పెట్టండి. అది గంటలో నిండితే రోజుకు 24 లీటర్లు, నెలకు 720 లీటర్లు. అలాంటి కుళాయిలు ఐదు ఉంటే నెలకు 3,600 లీటర్లు! చాలాసార్లు దీన్ని ఆపడానికి కావలసింది కొద్ది రూపాయల రబ్బరు వాషరు, ఒక పానా, అరగంట ఓపిక. వార్డెన్ గారి అనుమతి తీసుకుని, పెద్ద తరగతుల వారు ఈ పని నేర్చుకోవచ్చు.

మొదటి పాఠం: నీళ్లు ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం. ట్యాంకు నుంచి దిగే పైపుకు గేట్ వాల్వ్ ఉంటుంది. దాన్ని కుడివైపు తిప్పితే నీళ్లు ఆగుతాయి. పైపు పగిలిన రోజు ఇది తెలిసిన ఒక్కరున్నా ట్యాంకు మొత్తం ఖాళీ కాదు.

కుళాయి మూతి నుంచి కారుతుంటే: వాల్వ్ కట్టేసి, కుళాయి తిప్పి మిగిలిన నీళ్లు పోనివ్వండి. పిడి కింద ఉన్న పెద్ద నట్టును పానాతో ఎడమవైపు తిప్పితే పైభాగం ఊడి వస్తుంది. దాని అడుగున అరిగిన వాషరు కనిపిస్తుంది. పాతదాన్ని షాపుకు తీసుకెళ్లి అదే సైజుది తెచ్చి వేయండి. బలంగా తిప్పి కట్టేస్తే కారడం ఆగుతుందనుకుంటాం కానీ, అలా చేస్తే వాషరు ఇంకా త్వరగా అరుగుతుంది. సగం చుట్టుకే తెరుచుకునే కొత్త రకం కుళాయిల్లో ఈ వాషరు ఉండదు, లోపలి స్పిండిల్ మొత్తం మార్చాలి.

గోడ దగ్గర కారుతుంటే: కుళాయి విప్పి, మర మీద పాత టేపు తీసేసి, తెల్లటి టెఫ్లాన్ టేపు చుట్టాలి. మర బిగుసుకునే వైపుకే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడిపోతుంది.

ఫ్లష్ ట్యాంకు పొంగుతుంటే: లోపలి బంతిని చేత్తో పైకి ఎత్తండి. నీళ్లు ఆగితే వాల్వ్ బాగున్నట్టే. బంతిలోకి నీళ్లు చేరాయో, కడ్డీ వంగిందో చూడండి. ఆగకపోతే వాల్వ్ లోపలి వాషరు పోయినట్టు.

షవర్ రంధ్రాలు తెల్లగా పూడిపోతే: అది బోరు నీళ్లలోని కాల్షియం కార్బొనేట్. షవర్ విప్పి నిమ్మరసంలో నానబెడితే బుడగలు వచ్చి కరుగుతుంది. పదో తరగతిలో చదివిన ఆమ్లం, కార్బొనేట్ చర్య ఇదే. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం ఎప్పుడూ కలపవద్దు, విషవాయువైన క్లోరిన్ వస్తుంది.

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. "పీజీ చదువుతూ పానా పట్టడమేమిటి?" అని చుట్టాలు అంటారు. పని తెలియడం చిన్నతనం కాదు. అయితే మన వాళ్లను తరతరాలుగా ఏ పనికి దింపారో కూడా మనం మరచిపోకూడదు.

అందుకే ఈ హద్దు గుర్తుంచుకోండి. సెప్టిక్ ట్యాంకు నిండినా, మ్యాన్‌హోల్ పూడినా ఎవరు చెప్పినా లోపలికి దిగవద్దు, ఎవరినీ దిగనివ్వవద్దు. అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ఆ వాసన కూడా తెలియదు, మనిషి క్షణాల్లో పడిపోతాడు. కాపాడబోయి దిగినవాడూ చనిపోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని అందులోకి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. యంత్రం ఉన్న బండిని పిలిపించమని అడగడం మన హక్కు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ప్రతి బ్లాకులో ఇద్దరు ఈ పని నేర్చుకోండి. ఒక పానా, పది వాషర్లు, ఒక టేపు డబ్బాలో పెట్టుకోండి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు కూడా చూపించండి.