ఆర్కిడ్ల ప్రవర్ధనం

ఆర్కిడ్ల ప్రవర్ధనం అనగా ఆర్కిడేసి కుటుంబానికి చెందిన మొక్కలను విత్తనాల ద్వారా గాని, శాఖీయ భాగాల ద్వారా గాని, కణజాల వర్ధనం ద్వారా గాని వృద్ధి చేయడం. పుష్పించే మొక్కలలోని అతిపెద్ద కుటుంబాలలో ఇది ఒకటి. ఇందులో సుమారు 28,000 జాతులు ఉన్నాయి. పూల అందం కోసం వీటిని సేకరించి పెంచేవారు ప్రపంచమంతటా ఉన్నారు. ఒకప్పుడు వారికి అడవులే ఆధారం. నేడు అంగళ్ళలో కనిపించే మొక్కలలో అధికభాగం ప్రయోగశాలలలోని సీసాలలో పుట్టినవే.

ఆర్కిడ్లలో అనేక జాతులు చెట్ల కొమ్మలను అంటిపెట్టుకొని పెరిగే వృక్షోపజీవులు. తెలుగునాట కొమ్మలపై పెరిగే వాండా మొక్కను, చెట్టు రసాన్ని పీల్చే పరాన్నజీవిని కూడా బదనిక అనే పేరుతోనే పిలవడం కద్దు. వాండా అనే ప్రజాతి నామం సైతం సంస్కృతంలోని వందా శబ్దం నుండి వచ్చినదే. అయితే ఆర్కిడ్ తనకు ఆశ్రయమిచ్చిన చెట్టు నుండి ఆహారం తీసుకోదు. దాని వేళ్ళపై ఉండే వెలామిన్ అనే స్పంజి వంటి పొర వాననీటిని పీల్చుకొంటుంది.

అడవి నుండి సేకరణ

19వ శతాబ్దంలో ఐరోపా ధనికులలో ఆర్కిడ్ల మోజు తీవ్రంగా ఉండేది. 1850లో ఖాసీ కొండలలో పర్యటించిన జోసెఫ్ డాల్టన్ హుకర్, క్యూ ఉద్యానవనం కోసం ఏడుగురు మోయగలిగినన్ని నీలి వాండా మొక్కలను సేకరించాడు. వాటిలో ఇంగ్లండుకు ప్రాణాలతో చేరినవి బహు కొద్ది. మరొకరు పంపిన ఒక మనిషి మోత మొక్కలు దీనావస్థలో చేరినప్పటికీ 300 పౌండ్లకు అమ్ముడుపోయాయి. ఇటువంటి ధర పలికే మొక్క అడవిలో మిగలడం కష్టమని వేరే చెప్పనక్కరలేదు.

విత్తనాల ద్వారా

ఆర్కిడ్ కాయ ఒక్కొక్కదానిలో వేల నుండి లక్షల సంఖ్యలో విత్తనాలు ఉంటాయి. అవి ధూళి వలె సన్నగా ఉండి గాలికి ఎగిరిపోతాయి. ఇన్ని విత్తనాలున్నా మొక్కలు అరుదుగా మొలవడానికి కారణం, వీటిలో వరి, మొక్కజొన్న గింజలలో వలె ఆహారాన్ని నిల్వచేసే అంకురచ్ఛదం లేకపోవడం. ప్రకృతిలో ఒక శిలీంధ్రం విత్తనంలోనికి ప్రవేశించి ఆహారం అందిస్తేనే అది మొలకెత్తుతుంది. ఈ సంగతిని 1899లో ఫ్రెంచి శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్డ్ గుర్తించాడు. అంతకు ముందు తోటమాలులు విత్తనాలను తల్లిమొక్క కుండీలోనే చల్లి అదృష్టానికి వదిలేవారు. కుండీలో ఆ శిలీంధ్రం ఉండటం వల్లనే కొన్ని మొలిచేవి.

1922లో అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నడ్సన్, చక్కెర, ఖనిజ లవణాలు కలిపిన అగర్ యానకంపై శిలీంధ్రం లేకుండానే విత్తనాలను మొలకెత్తించవచ్చునని ప్రకటించాడు. ఇప్పటి ఆర్కిడ్ పెంపకానికి పునాది ఇదే. ఈ యానకం బూజుకు, బాక్టీరియాకు కూడా మంచి ఆహారమే కనుక పని అంతా సూక్ష్మజీవరహితంగా జరగాలి. పగలని పచ్చికాయను పైన శుద్ధి చేసి కోస్తే లోపలి విత్తనాలకు వేరే శుద్ధి అక్కరలేదు. మొదట ప్రోటోకార్మ్ అనే చిన్న ఆకుపచ్చని ముద్ద, తరువాత ఆకులు, వేళ్ళు ఏర్పడతాయి. కొందరు యానకంలో అరటిపండు గుజ్జు, కొబ్బరినీరు కూడా కలుపుతారు. సీసా నుండి తీసిన పిల్లమొక్కలు తేమ తగ్గితే వెంటనే వాడిపోతాయి. చాలామంది నష్టపోయేది ఈ దశలోనే. అవి పూయడానికి జాతిని బట్టి మరికొన్ని సంవత్సరాలు పడుతుంది.

శాఖీయ విధానాలు

విత్తనపు మొక్కలు ఒకదానిని పోలి మరొకటి ఉండవు. నచ్చిన పువ్వునే మళ్ళీ పొందాలంటే శాఖీయ ప్రవర్ధనం అవసరం. కాట్లియా, సింబిడియం వంటి గుంపుగా పెరిగే మొక్కలను మూడు నాలుగు దుంపకాడలు ఉండేలా విడదీసి నాటుతారు. ఒకే కాండంతో నిటారుగా పెరిగే వాండాలో ఈ వీలు తక్కువ.

1960లో ఫ్రాన్సుకు చెందిన జార్జి మోరెల్, సింబిడియం కొనలోని విభాజ్య కణజాలాన్ని వర్ధనం చేసి వైరస్ లేని మొక్కలను పొందే పద్ధతిని వివరించాడు. దీనితో ఒకే మొక్క నుండి వేల నకళ్ళు తీయడం సాధ్యమై ధరలు పడిపోయాయి. అయితే వర్ధనాన్ని మితిమీరి కొనసాగిస్తే పూలలో వికృతులు తలెత్తవచ్చు.

పెంపకం

వృక్షోపజీవి ఆర్కిడ్లను మామూలు మట్టిలో నాటితే గాలి ఆడక వేళ్ళు కుళ్ళుతాయి. బొగ్గు, కొబ్బరిపీచు ముక్కలు, ఇటుక ముక్కలు వాడాలి. వాండాను చెక్కబుట్టలో వేళ్ళు వేలాడేలా ఉంచుతారు. నీలి వాండా చల్లని కొండగాలికి అలవాటుపడినది కనుక కోస్తా వేడిమిలో దానిని పెంచడం కష్టం. దానికి బదులు మన చెట్లపై సహజంగా పెరిగే వాండా టెస్సెలాటా వేడిని తట్టుకొంటుంది. దానిని కూడా అడవి నుండి పెరికి తేరాదు.

చట్టపరమైన రక్షణ

నీలి వాండా మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షిత మొక్క. అంతర్జాతీయంగా సైటిస్ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఉన్న దీనిని, నర్సరీలలో విరివిగా పెంచుతున్నందున 2004 బ్యాంకాక్ సమావేశం రెండవ అనుబంధానికి మార్చింది. ఈ అనుబంధంలోని ఆర్కిడ్ల సీసా పిల్లమొక్కలకు అనుమతుల నుండి మినహాయింపు ఉంది. పెద్ద మొక్కలకు లేదు. అమ్మకానికి వచ్చిన మొక్క వేళ్ళకు చెట్టుబెరడు, నాచు అంటుకొని, ఆకులపై పాత గాయాలు, పురుగు కాట్లు కనిపిస్తే అది అడవి నుండి తెచ్చినదేమోనని అనుమానించాలి.