కుక్క నమ్మే మనిషి

తెలుగులో ‘విశ్వాసం’ అన్న మాటకు కుక్కతో ఉన్నంత చుట్టరికం మరే జంతువుతోనూ లేదు. పెట్టిన చేతిని మరవని గుణానికి కుక్కనే ఉపమానంగా చెప్పడం, మేలు మరచిన మనిషిని కుక్కకున్నపాటి విశ్వాసమైనా లేదని ఎత్తిపొడవడం వాడుకలో పాతుకుపోయాయి. అయితే ఈ లెక్కలో విశ్వాసం చూపవలసిన భారమంతా కుక్కదే. మనిషి తన వంతుగా పిడికెడు అన్నం పెడితే చాలునన్న భావన అందులో దాగి ఉంది. జంతు ప్రవర్తన శాస్త్రం ఈ ప్రశ్నను తిరగేసి, ఇంట్లో పెరిగే కుక్క తన మనిషిని ఎంతవరకు నమ్మగలదు, ఆ నమ్మకం దేని మీద నిలుస్తుంది అని అడిగింది. దానికి దొరికిన సమాధానం ప్రేమ, జాలి వంటి మాటల కన్నా పొడిగా ఉంటుంది. తన మనిషి తరువాత ఏం చేయబోతున్నాడో కుక్క ముందుగా ఊహించగలిగి, ఆ ఊహ పదేపదే నిజమవుతూ ఉంటే నమ్మకం కుదురుతుంది. అది తప్పిన ప్రతిసారీ కొంత సడలుతుంది.

ఈ ఊహ ఎలా పుడుతుందో ప్రయోగశాలలో పట్టి చూపినవాడు రష్యన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్. జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్న ఆయన, ఆహారం నోటికి అందకముందే, దానికి ముందుగా వినిపించే శబ్దానికే కుక్కల నోట లాలాజలం ఊరడాన్ని గమనించి, ఏ సంబంధమూ లేని ఒక సంకేతం మరొక అనుభవంతో జతపడే తీరును వివరించాడు. తెలుగు మనోవిజ్ఞాన గ్రంథాలు దీనిని శాస్త్రీయ నిబంధనం అంటాయి. అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో వెలువరించిన పరిశోధనలో, గడియ తీస్తే తప్ప బయటపడలేని పెట్టెల్లో పిల్లులను, కుక్కలను ఉంచి పరిశీలించి, తృప్తినిచ్చే ఫలితానికి దారితీసిన చేష్ట క్రమంగా స్థిరపడుతుందని తేల్చాడు. ఇది ఫలిత నియమం. బి.ఎఫ్. స్కిన్నర్ ఈ నియమాన్ని విస్తరించి, ఒక చేష్ట తరువాత వచ్చే ఫలితమే ఆ చేష్ట మళ్లీ జరిగే అవకాశాన్ని పెంచుతుందో తగ్గిస్తుందో నిర్ణయిస్తుందన్న కార్యసాధక నిబంధనాన్ని ప్రతిపాదించాడు. ఆ అవకాశాన్ని పెంచే ఫలితం పేరు పునర్బలనం. డీఎస్సీకీ టెట్‌కీ చదివిన తెలుగు అభ్యర్థులందరికీ ఈ పేర్లు కంఠతా వచ్చినా, ఇంటి గేటు దగ్గర కట్టేసి ఉన్న కుక్క విషయంలో అవి గుర్తుకు రావడం మాత్రం అరుదు.

ధనాత్మక పునర్బలనం అన్నప్పుడు ‘ధనాత్మకం’ అన్నది మంచితనానికి పర్యాయపదంగా కాక, గణితంలోని కూడిక గుర్తుగా అర్థం చేసుకోవాలి. కుక్క కూర్చోగానే ఉడికించిన కోడిమాంసం ముక్క అందించడం, అంటే ఇష్టమైనదాన్ని చేర్చడం, ధనాత్మక పునర్బలనం. మెడకు బిగించిన గొలుసును అది కూర్చున్నాకే సడలించడం, అంటే బాధను తీసివేయడం, ఋణాత్మక పునర్బలనం. మీదికి ఎగబడినప్పుడు ముఖం తిప్పుకుని పలకరింపు ఆపేయడం ఋణాత్మక దండన. కర్రతో కొట్టడం ధనాత్మక దండన. నేడు సానుకూల శిక్షణ అని పిలుస్తున్నది వీటిలో మొదటిదాన్ని ప్రధానంగానూ మూడవదాన్ని మితంగానూ వాడుతూ, బాధ మీద ఆధారపడిన మిగతా రెంటినీ పక్కన పెట్టే పద్ధతి. ఇది పెంపుడు కుక్కల ప్రపంచంలో ప్రాచుర్యం పొందడానికి సముద్ర జీవులు కారణం కావడం కొంత విచిత్రం. డాల్ఫిన్ మెడకు గొలుసు వేయడం కుదరదు, కోపగించుకుంటే అది ఈదుకుంటూ పోతుంది కనుక, దాని శిక్షకులకు ఈలా చేపలే సాధనాలయ్యాయి. హవాయిలో డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చిన కారెన్ ప్రయర్ 1984లో వెలువరించిన ‘డోంట్ షూట్ ద డాగ్’ ఆ అనుభవాన్ని కుక్కల యజమానుల ముందుకు తెచ్చింది. ఈల స్థానంలో ‘టిక్’ మని మోగే క్లిక్కర్ అనే చిన్న పరికరం వచ్చింది. సరైన చేష్ట జరిగిన క్షణాన్ని గుర్తుపట్టి చెప్పడమే దాని పని. అది లేని ఇంట్లో ‘శభాష్’ అన్న మాటను, ఎప్పుడూ ఒకే స్వరంలో పలికితే, అదే పనికి వాడుకోవచ్చు.

తోడేలు పెద్దరికం

దీనికి ఎదురుగా నిలిచిన పాత పద్ధతికి సిద్ధాంత బలం తోడేళ్ల నుంచి వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించి ఉంచిన తోడేళ్లను గమనించిన రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ప్రచురించిన అధ్యయనం, అవి పెద్దరికం కోసం నిరంతరం పోరాడతాయన్న చిత్రాన్ని ఇచ్చింది. అమెరికన్ జీవశాస్త్రవేత్త డేవిడ్ మీచ్ 1970లో రాసిన తోడేళ్ల గ్రంథం ఆ చిత్రానికి విస్తృత ప్రచారం కల్పించింది. దాంతో కుక్క కూడా ఇంట్లో ‘ఆల్ఫా’ స్థానం కోసం కాచుకుని ఉంటుందని, మనిషి దానిని వెల్లకిలా పడదోసి అణచకపోతే నెత్తికెక్కుతుందని శిక్షకులు బోధించసాగారు. మీచ్ మాత్రం కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి దగ్గరగా చూసి, సహజంగా ఏర్పడే గుంపు తల్లిదండ్రులూ వాటి పిల్లలూ కలిసిన కుటుంబమేనని, ఆల్ఫా అన్న పదం దానికి పొసగదని 1999లో స్వయంగా రాశాడు. తన పాత పుస్తకం ముద్రణ ఆపించడానికి కూడా పూనుకున్న ఆ పరిశోధకుడి నిజాయితీకి దక్కవలసిన ప్రచారం, ఆయన విడిచిపెట్టిన సిద్ధాంతానికే ఇంకా దక్కుతోంది.

సరమ కొడుకు చేసిన తప్పు

దండన వల్ల కుక్క ఏం నేర్చుకుంటుందన్న ప్రశ్నకు తెలుగు సాహిత్యపు తొలి మహాకావ్యంలోనే ఒక ఆశ్చర్యకరమైన ఆనవాలు ఉంది. నన్నయ ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో, జనమేజయుడి యాగశాల దగ్గరకు ఆడుకుంటూ వచ్చిన సారమేయుడనే కుక్కపిల్లను రాజు తమ్ముళ్లు కొట్టి తరుముతారు. అది ఏడుస్తూ వెళ్లి తల్లికి చెప్పుకుంటుంది. ఆ తల్లి, దేవతల కుక్క అయిన సరమ, సభకు వచ్చి, ఏ తప్పూ చేయని బిడ్డను ఎందుకు కొట్టారని రాజును నిలదీసి, కారణం లేకుండా వచ్చిపడే భయాలు అలాంటివారిని పట్టుకుంటాయని పలికి వెళ్లిపోతుంది. శాపంగా చెప్పిన ఆ మాట, నిజానికి దెబ్బ తిన్న ప్రతి కుక్క లోపలి స్థితికి అతికినట్టు సరిపోతుంది.

అమెరికన్ పరిశోధకురాలు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన ప్రయోగం ఈ కథకు శాస్త్ర భాష్యం వంటిది. పెంపుడు కుక్క చెవులు వెనక్కి వాల్చి, తల దించి, ఓరగా చూసే చూపును యజమానులు తప్పు ఒప్పుకోవడంగా భావిస్తారు. ఆమె 14 కుక్కలతో, తినవద్దని చెప్పిన తినుబండారాన్ని కొన్నిసార్లు అవి తినేటట్లు, కొన్నిసార్లు తినకపోయినా తిన్నాయని యజమానికి చెప్పేటట్లు ఏర్పాటు చేసి పరిశీలించింది. ఆ చూపు కుక్క తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని తిట్టాడా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. పైగా ముట్టుకోకుండానే తిట్లు తిన్న కుక్కల్లో మరింత స్పష్టంగా కనిపించింది. ఉదయం చాప మీద పోసిన మూత్రానికి సాయంత్రం ఇంటికొచ్చిన యజమాని మూతి రుద్ది కొట్టినప్పుడు, కుక్క దృష్టిలో జరిగేది ఇదే: తలుపు తెరుచుకోవడమూ దెబ్బ పడడమూ జతపడతాయి, మూత్రం ఊసే ఉండదు.

పోర్చుగల్‌లోని శిక్షణ కేంద్రాల నుంచి 92 కుక్కలను పరిశీలించి 2020లో వెలువరించిన అధ్యయనం దీనిని మరికొంత ముందుకు తీసుకుపోయింది. గొలుసు గుంజడం, గద్దించడం ఎక్కువగా ఉన్న కేంద్రాల కుక్కలలో శిక్షణ సమయంలో ఒత్తిడి చిహ్నాలు, ఆ తరువాత ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పెరుగుదల అధికంగా కనిపించాయి. ఆ అధ్యయనంలో ఇంకో పరీక్ష కూడా ఉంది. గదిలో ఒక పక్కన పెట్టిన గిన్నెలో ఎప్పుడూ ఆహారం ఉంటుందని, రెండో పక్క గిన్నె ఎప్పుడూ ఖాళీ అని కుక్కకు అలవాటు చేసి, ఆపైన గిన్నెను మధ్యలో ఎక్కడో పెడతారు. బహుమతులతో నేర్చిన కుక్క ఉందేమోనన్నట్టు చురుగ్గా వెళ్తుంది. దండనతో నేర్చినది మెల్లగా, ఆశ లేనట్టు నడుస్తుంది. శిక్షణ మైదానంలో పడిన గుంజుడు, ఎవరూ గుంజని గదిలో కూడా దాని అడుగుల్లో కనిపించిందన్నమాట.

పిలుపు ఖరీదు

తెలుగు ఇళ్లలో కుక్కకు నేర్పే పాఠాలన్నిటిలో అత్యవసరమైనదీ, అన్నిటికన్నా ఎక్కువగా పాడుచేసేదీ పిలిస్తే రావడం. గేటు తెరిచి ఉన్న క్షణంలో బయటికి దూసుకుపోయిన కుక్క వీధి మలుపులో చెత్తకుప్ప వాసన చూస్తూ ఉంటుంది. ఇంటివారు పేరు పెట్టి పిలుస్తారు. అది కాసేపు తటపటాయించి, ఆ కుప్పను వదులుకుని, తోక ఆడిస్తూ వస్తుంది. రాగానే పట్టీ పట్టుకుని రెండు తగిలించి గొలుసు వేస్తారు. యజమాని లెక్కలో ఆ దెబ్బలు పారిపోయినందుకు, కుక్క లెక్కలో వచ్చినందుకు. స్నానానికి, మాత్ర మింగించడానికి, ఆట ఆపించడానికి కూడా అదే పిలుపు వాడితే, నెల తిరిగేసరికి ఆ పేరు దానికి హెచ్చరికగా మారుతుంది. దీనిని సరిచేయడానికి పది పిలుపుల్లో తొమ్మిదింటికి, వచ్చిన ఒకటి రెండు క్షణాల్లోపే, ఉడికించిన గుడ్డు ముక్కో, పనీర్ ముక్కో, ఉడికిన క్యారెట్టో నోటికి అందించి, వెంటనే మళ్లీ ఆటకు వదిలేయాలి. మొదట గదిలో, తరువాత పెరట్లో, ఆ తరువాతే పొడవాటి తాడుతో బయట. ఈ చిరుతిండి రోజు మొత్తం ఆహారంలో పదో వంతు మించకూడదని పశువైద్యులు చెబుతారు.

ఇల్లంతా ఒకే మాట వాడటం మరొక షరతు. తండ్రి ‘కమ్’ అని, తల్లి ‘రా’ అని, తాతగారు ‘ఇటు రారా’ అని పిలిచే ఇంట్లో కుక్క మూడు పదాలు నేర్చుకోవాలి. ఇంగ్లిషులో ఆజ్ఞాపిస్తేనే కుక్కకు అర్థమవుతుందన్న భ్రమ తెలుగునాట ఎలా వచ్చిందో గానీ, దానికి ధ్వని ముఖ్యం, భాషతో నిమిత్తం లేదు. భోజనాల వేళ బల్ల దగ్గర నిలబడి అడుక్కునే అలవాటు కూడా ఈ అస్థిరత నుంచే పుడుతుంది: పదిమంది వద్దన్నా, నాయనమ్మ పదిహేను రోజులకొకసారి దోసె ముక్క జారవిడుస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతి, ప్రతిసారీ దొరికే బహుమతి కన్నా మొండి అలవాటును కలిగిస్తుందని స్కిన్నర్, ఆయన సహచరుడు ఫెర్‌స్టర్ 1957లో విపులంగా నిరూపించారు. పిలుపు బాగా కుదిరాక బహుమతిని అప్పుడప్పుడే ఇవ్వమనడం వెనుక ఉన్నదీ ఈ సూత్రమే.

తిండి ఒక్కటే బంధం కట్టదు. కోల్‌కతాలోని భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీద 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పరిచయం లేని మనిషి పదేపదే వచ్చి తిండి పెట్టడం కన్నా తల నిమరడమే ఆ కుక్కల్లో ఎక్కువ నమ్మకాన్ని కలిగించింది. ఊరకుక్కని చిన్నచూపు చూసి, వేలు పోసి జాతికుక్కను కొనేవారు తెలుసుకోదగిన సంగతి ఇది.

మొరిగే కుక్క కరవదా?

ఈ సామెత మీద భరోసా పెట్టుకోవడం ప్రమాదకరం. మొరిగిన కుక్క కరిచిన సందర్భాలకు కొదవ లేదు. కుక్క ముందు తల పక్కకు తిప్పుతుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, పెదవులు నాకుతుంది. ఇవి అసౌకర్యాన్ని తెలిపే తొలి సంకేతాలు. వాటిని పట్టించుకోకపోతే ఒళ్లు బిగదీస్తుంది, ఆ తరువాత గుర్రుమంటుంది, చివరికి పళ్లు దింపుతుంది. గుర్రుమన్నందుకు కొడితే భయం తగ్గదు, హెచ్చరిక మాత్రం పోతుంది. ముందు చెప్పకుండా కరిచే కుక్క ఇలాగే తయారవుతుంది. అన్నం తినేటప్పుడు గిన్నె లాగే పిల్లవాడికీ, వాడి తల్లిదండ్రులకూ ఈ వరుస తెలిసి ఉండటం అవసరం. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంటి కుక్కకు రేబిస్ టీకా క్రమం తప్పకుండా వేయించడం ఎలాగూ తప్పదు.

కుక్కపిల్ల మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు ప్రపంచాన్ని పరిచయం చేసుకునే కీలక దశలో ఉంటుందని అమెరికాలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ 1965 నాటి గ్రంథంలో తేల్చారు. అప్పుడు చూసిన హెల్మెట్, గొడుగు, ఆటో, చీరకట్టు, చంటిపిల్ల దానికి జీవితాంతం మామూలు విషయాలు. పార్వో వంటి వ్యాధుల టీకాలు పూర్తికాని వయసు కూడా అదే కనుక, నేల మీద దింపకుండా చంకనెత్తుకుని వీధి చూపించడం మధ్యేమార్గం.

సంరక్షణ కూడా ఈ నమ్మకంలో భాగమే. పెరుగన్నం విషం కాదు గానీ, దాని మీదే పెరిగే కుక్కకు మాంసకృత్తులు చాలవు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర దాని ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది, పాయసంలోని కిస్మిస్ మూత్రపిండాలకు చేటు. దానికి ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూ వేడిని వదులుకుంటుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపించేవారు ముందు తమ అరచేతిని ఆ రోడ్డు మీద ఆనించి చూడటం మేలు. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి సుమారు 45 వేల వరకు వింటుంది కనుక, దీపావళికి కొన్ని వారాల ముందు నుంచే టపాసుల చప్పుడును ఫోనులో అతి సన్నగా వినిపిస్తూ, ఇష్టమైనది తినిపిస్తూ, మెల్లగా శబ్దం పెంచుకుంటూ పోవాలి. పండగ రాత్రి వణుకుతూ వచ్చి ఒదిగిన కుక్కను బుజ్జగిస్తే భయం ముదురుతుందని కొందరు హెచ్చరిస్తారు. భయం అది ఎంచుకుని చేసే చేష్ట కాదు, బహుమతితో పెంచడానికి.

గోళ్లు కత్తిరించడం ఈ మొత్తం విషయాన్ని జానెడు జాగాలో చూపిస్తుంది. చాలా ఇళ్లలో ఒకరు కాళ్లు, ఒకరు మూతి అదిమిపట్టి ఆ పని కానిస్తారు. మరుసటి నెల కత్తెర కనబడగానే కుక్క మంచం కిందికి దూరుతుంది. జంతుప్రదర్శనశాలల్లో పెద్ద జంతువులకు నేర్పే పద్ధతి దీనికి భిన్నం. కుక్కకూ అదే పద్ధతి వాడితే, మొదటి రోజు కత్తెరను నేల మీద పెట్టి, కుక్క దానిని చూసినందుకే ముక్క ఇస్తారు. మరో రోజు దానిని గోటికి తాకించి వదిలేస్తారు. ఇంకో రోజు ఒక్క గోరు, అదీ కొసన మాత్రం, కత్తిరిస్తారు. మడిచిన తువ్వాలు మీద గడ్డం ఆనిస్తేనే పని మొదలవుతుందని, గడ్డం ఎత్తితే ఆగిపోతుందని కుక్కకు ఈలోగా తెలిసివస్తుంది. పదహారో పద్దెనిమిదో గోళ్లకు వారం పట్టవచ్చు. మధ్యలో అది తల ఎత్తి, లేచి, గది చుట్టూ ఒకసారి తిరిగి, ఎవరూ పట్టి లాగకపోవడం చూసి, మళ్లీ వచ్చి తువ్వాలు మీద గడ్డం పెడుతుంది.